ఏ ఏటి చేప?

అంతరించిపోతున్న జీవుల జాబితాలు, హాని చేసే జీవుల జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చేప రెండింటిలోనూ కనిపిస్తుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య నిపుణులు ప్రపంచంలోని 100 అతి హానికర ఆక్రమణ జీవులను ఎంచినప్పుడు అందులో రెయిన్‌బో ట్రౌట్‌ను చేర్చారు. అదే జాతికి చెందిన దక్షిణ కాలిఫోర్నియా చేపలను అమెరికా ప్రభుత్వం 1997లో అంతరించే ప్రమాదంలో ఉన్నవిగా గుర్తించింది. 2024లో కాలిఫోర్నియా రాష్ట్రం కూడా తన చట్టం కింద వాటికి అదే రక్షణ ఇచ్చింది. ఒక దేశంలో విషం పోసి నిర్మూలించే చేపకు ఇంకో దేశంలో, అదీ దాని పుట్టింట్లో, కాపలా పెట్టాల్సి వస్తోంది. ఈ చేప ఏ నీటిలో పుట్టింది, ఏ నీటికి అలవాటు పడింది అనే ప్రశ్నను నూటయాభై ఏళ్ళ పాటు ఎవరూ పట్టించుకోకపోవడం వల్లే ఈ పరిస్థితి దాపురించింది. రెయిన్‌బో ట్రౌట్‌ను గుర్తుపట్టడం, గాలం వేసి పట్టడం, గుడ్లు పొదిగించి పంచడం అనే మూడు పనుల చరిత్రను కలిపి చూస్తే ఈ మాటకు ఆధారాలు వరసగా దొరుకుతాయి.

ముందు గుర్తుపట్టడం సంగతి. చేతిలోకి వచ్చిన చేప వెన్ను ఆకుపచ్చగానో ముదురు నీలంగానో ఉంటుంది. మొప్ప మూత మీద మొదలై పక్క గీత వెంట తోకదాకా గులాబీ, ఎరుపు రంగుల పట్టీ సాగుతుంది. వెన్ను మీద, వెన్ను రెక్క మీద నల్లటి చిన్న చుక్కలుంటాయి. అసలు ఆనవాలు తోకలో ఉంది. తోక మొత్తం నల్లచుక్కలు వరసలు కట్టి, విసనకర్ర ఈనెల్లా అంచువైపు విచ్చుకుంటాయి. యూరప్‌కు చెందిన బ్రౌన్ ట్రౌట్ తోకమీద చుక్కలు ఉండవు, ఉన్నా అరకొర. దాని ఒంటిమీద మాత్రం లేతరంగు వలయం మధ్య ఎర్రచుక్కలు కనిపిస్తాయి. కట్‌త్రోట్ ట్రౌట్‌కి దవడ కింద కత్తితో గీసినట్టు ఎర్రటి చార ఉంటుంది. సముద్రం నుంచి వచ్చే పసిఫిక్ సాల్మన్‌తో తికమక పడితే పొట్ట కింద, తోకకు ముందుండే రెక్కలో ముళ్ళు లెక్కపెట్టాలి. రెయిన్‌బోకి అవి 12కి మించవు, సాల్మన్‌కి 13, ఆపైన ఉంటాయి. వెన్ను రెక్కకీ తోకకీ నడుమ ముళ్ళు లేని చిన్న కొవ్వు రెక్క ఒకటుంటుంది. చాలా హేచరీల్లో పిల్లదశలోనే దాన్ని కత్తిరించి వదులుతారు. కాబట్టి ఆ చోటు ఖాళీగా ఉంటే చేప హేచరీదని ఒడ్డునే తేలిపోతుంది.

ఈ గుర్తులు జాతిని చెబుతాయి. అయితే ఒకే జాతిలో రెండు జీవితాలున్న చేప ఇది. కొన్ని పుట్టిన ఏట్లోనే పెరిగి అక్కడే గుడ్లు పెడతాయి. కొన్ని సముద్రానికి పోయి, ఒకటి నుంచి మూడేళ్ళు అక్కడ మేసి, వెండిలా మెరిసే ఒంటితో సొంత నదికి ఎదురెక్కి వస్తాయి. వాటిని స్టీల్‌హెడ్ అంటారు. సముద్రం నుంచి అప్పుడే వచ్చిన స్టీల్‌హెడ్‌కి ఆ ఎర్రపట్టీ దాదాపు కనిపించదు. నదిలో కొన్నాళ్ళు గడిపితే మళ్ళీ తేలుతుంది. గోదావరి జిల్లాల వారికి ఇది కొత్త సంగతి కాదు. సముద్రంలో దొరికిన ఇలసకూ, వరద నీటికి ఎదురీది ధవళేశ్వరం దిగువన చిక్కిన పులసకూ రుచిలో, ధరలో ఎంత తేడా ఉంటుందో వాళ్ళకు తెలుసు. రెండూ ఒకటే జాతి అని చెప్పి ఎవరైనా ఇలసను పులస ధరకు అమ్మబోతే రాజోలు సంతలో ఎవరూ ఒప్పుకోరు. చేప విలువను నీరు నిర్ణయిస్తుందన్న ఈ ఇంగితం ట్రౌట్ విషయంలో శాస్త్రవేత్తలకూ, ప్రభుత్వాలకూ ఆలస్యంగా అబ్బింది.

ఆ ఆలస్యం పేర్ల చరిత్రలోనే ఉంది. అన్వేషకుడు బేరింగ్ యాత్రలో పాల్గొన్న ప్రకృతి శాస్త్రవేత్త గెయోర్గ్ స్టెల్లర్ 18వ శతాబ్దంలో రష్యాలోని కామ్చాట్కా నదుల్లో ఈ చేపను చూశాడు. జర్మన్ వైద్యుడు వాల్‌బౌమ్ దాన్ని కళ్ళతో చూడకుండానే, ఇతరుల వర్ణనల ఆధారంగా, 1792లో స్థానికుల పేరును లాటిన్‌లోకి మార్చి ‘మైకిస్’ అని నమోదు చేశాడు. 1836లో జాన్ రిచర్డ్‌సన్ కొలంబియా నది నుంచి వచ్చిన స్టీల్‌హెడ్ నమూనాకు, దాన్ని పంపిన హడ్సన్స్ బే కంపెనీ వైద్యుడు గెయిర్డ్‌నర్ పేరు పెట్టాడు. 1855లో విలియం గిబ్బన్స్ శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం తూర్పున, శాన్ లియాండ్రో వాగులో దొరికిన చిన్న చేపలకు ఇంద్రధనుస్సు దేవత ఐరిస్ పేరు మీద ‘ఐరిడియా’ అని పేరు పెట్టాడు. ఎవరికి వారు ఒక్కో నీటి చేపను చూసి అది వేరే జాతి అనుకున్నారు. ఆ తర్వాత నూరేళ్ళలో ఇంకా ఎన్నో పేర్లు చేరాయి. చివరికి 1989లో జెరాల్డ్ స్మిత్, రాల్ఫ్ స్టియర్లీ పరిశోధన ఆధారంగా అన్నీ ఒకటే జాతి అని, అది యూరప్ ట్రౌట్‌ల కంటే పసిఫిక్ సాల్మన్‌లకు దగ్గరి చుట్టమని తేలింది. ఆంకొరింకస్ మైకిస్ అన్న పేరు స్థిరపడింది.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. శాస్త్రమే అన్నిటినీ కలిపి ఒకటే జాతి అన్నాక, ఏ ఏటిదన్న పట్టింపు ఎందుకు? జాతి ఒకటి కావడం, చేపలన్నీ ఒకటి కావడం వేర్వేరు విషయాలు. గత పదిహేనేళ్ళుగా జన్యు పరిశోధకులు ఈ చేప క్రోమోజోముల్లో ఐదో నంబరు దాంట్లో ఒక పెద్ద తునక తలకిందులుగా తిరిగి ఉండటం గమనించారు. ఆ తునక ఏ రూపంలో ఉందన్న దాన్ని బట్టి చేప సముద్రానికి పోతుందా, ఏట్లోనే ఉండిపోతుందా అన్నదానికి చాలాచోట్ల బలమైన సంబంధం కనబడింది. ఆనకట్ట అడ్డం వస్తే సముద్రానికి పోయే గుణం ఉన్న చేపలు తిరిగి రాలేవు. తరాలు గడిచేకొద్దీ ఎగువన ఉండిపోయే గుణమే మిగులుతుంది. అంటే ఒక నది తన ఆకారాన్ని, తన అడ్డంకులను, తన నీటి చల్లదనాన్ని చేప ఒంట్లో రాసి పెడుతుంది. ఈ రాత వేల ఏళ్ళలో తయారవుతుంది. 18, 19 శతాబ్దాల వాళ్ళు ఒక్కో నదికి ఒక్కో జాతి పేరు పెట్టడం శాస్త్రపరంగా తప్పే. నది మారితే చేప మారుతుందన్న వాళ్ళ గమనింపు మాత్రం సరైనదే. వాళ్ళ తర్వాత వచ్చిన హేచరీల వాళ్ళు ఆ గమనింపును కూడా వదిలేశారు.

హేచరీల కథకు మొదలు ఉత్తర కాలిఫోర్నియాలోని మెక్లౌడ్ నది. అగ్నిపర్వతపు రాళ్ళలోంచి ఊరే నీటితో వేసవిలోనూ చల్లగా పారే నది అది. దాని ఒడ్డున వింటూ తెగవాళ్ళు తరతరాలుగా బతికారు. 1872లో అమెరికా చేపల కమిషన్ తరఫున లివింగ్‌స్టన్ స్టోన్ అక్కడికి చేరాడు. మతబోధకుడిగా పనిచేసి చేపల పెంపకంలోకి దిగిన మనిషి ఆయన. అట్లాంటిక్ తీరపు నదుల్లో సాల్మన్ తగ్గిపోయింది కాబట్టి పసిఫిక్ సాల్మన్ గుడ్లు తీసి తూర్పుకు పంపాలన్నది ఆయనకు అప్పగించిన పని. తమ నదిలో తమ చేపను పట్టడానికి వీళ్ళెవరని వింటూలు మొదట అడ్డుచెప్పారు. తర్వాత ఆ కేంద్రంలోనే కూలీలుగా, వలలు లాగేవాళ్ళుగా చేరారు. ఆ నదిని, ఆ చేపను బాగా ఎరిగిన వాళ్ళ నైపుణ్యం లేకుండా ఆ హేచరీ నడిచేది కాదు. 1879లో స్టోన్ కొంచెం ఎగువన ట్రౌట్ కోసం వేరే చెరువులు ఏర్పాటు చేశాడు. అక్కడి నుంచి 1888 దాకా గుడ్లు దేశమంతా వెళ్ళాయి. ‘మెక్లౌడ్ రెయిన్‌బో’ అన్న పేరు హేచరీల లోకంలో మేలురకం విత్తనానికి గుర్తుగా నిలిచింది. కానీ ఆ చెరువుల్లో చేరినవి ఏట్లోనే ఉండే చేపలూ, సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చిన స్టీల్‌హెడ్‌లూ రెండూ. పంపిన గుడ్లు ఏ చేపవో విడదీసి రాసిపెట్టలేదు. ట్రౌట్‌ల శాస్త్రంలో పేరున్న రాబర్ట్ బెంకీ హేచరీ రెయిన్‌బోల మూలాలు వెదికినప్పుడు, తొలినుంచే అవి కలగాపులగమని తేల్చాడు. ప్రపంచం చుట్టిన ఈ విత్తనం మొదటి అడుగులోనే తన ఊరు మరిచిపోయింది. 1945లో షాస్తా డ్యామ్ పూర్తయ్యాక ఆ హేచరీ చోటు, వింటూల గ్రామాలు, శ్మశానాలు జలాశయం అడుగుకు చేరాయి.

గుడ్లు కంటి చుక్కలు తేలే దశకు, అంటే లోపలి పిల్ల కళ్ళు పైకి కనబడే దశకు వచ్చాక చల్లటి నాచులో పరిచి, మంచుతో కప్పితే వారాల ప్రయాణం తట్టుకుంటాయి. ఈ చిన్న సంగతే ట్రౌట్‌ను సముద్రాలు దాటించింది. 1877లో జపాన్, 1883లో న్యూజిలాండ్, 1880ల్లో జర్మనీ, ఇంగ్లండ్, 1890ల్లో దక్షిణాఫ్రికా. అమెరికా లోపల 1881 నుంచి కమిషన్ వాళ్ళ ప్రత్యేక రైలు బోగీలు తిరిగాయి. పాలక్యాన్లలో చేపపిల్లలు వచ్చేవి, ఏ ఊరి వంతెన దగ్గర బండి ఆగితే ఆ వాగులో పోసేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విమానాల నుంచి కొండ సరస్సుల్లోకి పిల్లల్ని వదిలారు. ఇన్ని చేపల్లో దీన్నే ఎందుకు ఎంచుకున్నారంటే రెండు కారణాలు. బ్రౌన్ ట్రౌట్ కంటే ఇది ఇరుకు తొట్టెల్లో తొందరగా పెరుగుతుంది. గాలానికి తొందరగా చిక్కుతుంది, చిక్కాక నీటిపైకి ఎగిరెగిరి పోరాడుతుంది. పెంచేవాడికీ పట్టేవాడికీ నచ్చే గుణాలు ఒకే చేపలో కుదిరాయి.

దాన్ని పట్టే పద్ధతి కూడా నీటిని బట్టే ఉంటుంది. పారే ఏట్లో ట్రౌట్ ప్రవాహానికి ఎదురు ముఖం పెట్టి, బండ వెనకో, వడినీరు, మందనీరు కలిసే గీత దగ్గరో నిలబడుతుంది. అక్కడ తక్కువ శ్రమతో నిలవొచ్చు, పక్కనుంచి కొట్టుకొచ్చే పురుగుల్ని అందుకోవచ్చు. అందుకే గాలగాడు దిగువ నుంచి, చేప వెనకవైపు నుంచి వస్తాడు. ఈకలు, నూలు చుట్టి కట్టిన కృత్రిమ ఈగను ఎగువకు విసిరి, దారం లాగుడు తగలకుండా నీటివేగంతోనే కిందికి తేలనిస్తాడు. ఈగ నీటికంటే ఒక్క రవ్వ వేగంగా కదిలినా అనుభవమున్న చేప ముట్టదు. సరస్సులో ప్రవాహం ఉండదు, కాబట్టి చేపే తిండి వెతుక్కుంటూ తిరుగుతుంది. వాగులు కలిసే మూలలు, ఒడ్డు ఒక్కసారిగా లోతుకు దిగే చోట్లు, ఎండాకాలంలో పైన వేడినీటికీ కింద చల్లనీటికీ మధ్య పొర, ఇవి వెతకాల్సిన తావులు. పడవ నడుపుతూ వెనక చిన్నచేప ఆకారపు ఎరను లాగుతారు. హేచరీ చేపకు ఈ పాఠాలేవీ అక్కర్లేదు. గుళికలు తిని పెరిగిన చేప నీటిపై ఏది పడ్డా పైకి వస్తుంది. లారీలో తెచ్చి పోసిన వారంలోనే ఎక్కువ భాగం జనం పట్టేసే పద్ధతి అమెరికాలో పాతుకుపోయింది. గాలంపని నదిని చదివే విద్యగా ఎదిగింది. లారీ చేపల పద్ధతిలో నదిని చదవాల్సిన అవసరమే లేకుండా పోయింది.

విత్తనం తన పాత నీటిని ఎంత గుర్తుపెట్టుకుంటుందో న్యూజిలాండ్‌లోని టౌపో సరస్సు చెబుతుంది. అక్కడి రెయిన్‌బోల మూలం కాలిఫోర్నియాలోని సొనోమా వాగు స్టీల్‌హెడ్‌లని పరిశోధకులు కనుగొన్నారు. ఆ చేపలు టౌపోనే సముద్రంగా భావించి, అందులో పెరిగి, చలికాలంలో టాంగారిరో నదిలోకి ఎదురెక్కి గుడ్లు పెడుతున్నాయి. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో అక్కడ చేపలు అసాధారణంగా పెరిగాయి. లోకమంతటి నుంచి గాలగాళ్ళు వచ్చారు, అమెరికన్ రచయిత జేన్ గ్రే వాళ్ళలో ఒకడు. ఆ బరువంతా ఎక్కడిదంటే, టూఫరెటోవా తెగ మావోరీలు తరతరాలుగా పట్టుకుని తినే కోఆరో అనే చిన్న చేపది. ట్రౌట్ దాన్ని ఊడ్చి పెట్టింది. ఆ తర్వాత తిండిలేక ట్రౌటే ఎండిపోయింది. ప్రభుత్వం వలలు వేసి టన్నులకొద్దీ చేపను తీసేయించింది, 1930ల్లో స్మెల్ట్ అనే మరో చిన్న చేపను తెచ్చి ట్రౌట్‌కు మేతగా వదిలింది. మావోరీలకు మాత్రం తమ సొంత సరస్సులో గాలం వేయడానికి చట్టం లైసెన్సుల లెక్క పెట్టింది. 1926 చట్టం టూఫరెటోవాలకు ఏటా 50 ఉచిత లైసెన్సులు ఇచ్చింది. ఆ దేశంలో ఈరోజుకీ ట్రౌట్‌ను కొనడం, అమ్మడం నేరం. ఒక తెగ ఆహారాన్ని ఇంకొకరి వినోదం మింగేసిందని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

సొంత దేశంలో జరిగింది దీనికంటే ఘోరం. 1962 సెప్టెంబరులో అమెరికాలోని వయోమింగ్, యూటా రాష్ట్రాల్లో గ్రీన్ నదిలో, దాని ఉపనదుల్లో 445 మైళ్ళ పొడవున రోటినోన్ అనే చేపల విషం పోశారు. ఫ్లేమింగ్ గార్జ్ డ్యామ్ నిండబోతోంది. కొత్త జలాశయంలో రెయిన్‌బో ట్రౌట్ హాయిగా పెరగాలంటే అక్కడున్న ‘పనికిమాలిన చేప’ పోవాలన్నది లెక్క. ఆ పనికిమాలిన వాటిలో కొలరాడో పైక్‌మిన్నో, హంప్‌బ్యాక్ చబ్, బోనీటెయిల్, రేజర్‌బ్యాక్ సక్కర్ ఉన్నాయి. ఆ నదీవ్యవస్థలో తప్ప భూమ్మీద ఎక్కడా లేని చేపలవి. విషాన్ని విరిచే మందు అనుకున్నట్టు పనిచేయక, అది డైనోసార్ జాతీయ స్మారక ప్రాంతంలోకీ పారింది. తర్వాత కాలంలో ఈ నాలుగు చేపలూ అంతరించే ప్రమాదమున్న జాబితాకు ఎక్కాయి. వాటిని బతికించడానికి అదే ప్రభుత్వం దశాబ్దాలుగా డబ్బు ఖర్చు పెడుతోంది. 1973లో వచ్చిన అంతరించే జీవుల రక్షణ చట్టానికి ముందు జనం మనసు మారడంలో గ్రీన్ నది ఘటనకూ ఒక పాత్ర ఉంది. కట్‌త్రోట్ ట్రౌట్‌ల నష్టం ఇంకో రకం. రెయిన్‌బోతో కలిసి అవి సంతానోత్పత్తి చేయగల సంకరాన్ని కంటాయి. నెవాడా, ఒరెగాన్ సరిహద్దులోని ఆల్వర్డ్ కట్‌త్రోట్ ఈ కలయికలోనే కరిగిపోయింది. కొలరాడో ట్విన్ లేక్స్‌లోని ఎల్లోఫిన్ కట్‌త్రోట్ రెయిన్‌బోలు వచ్చాక కనుమరుగైంది.

చేపలే లేని కొండ సరస్సుల్లో వదిలితే నష్టమేముందన్న వాదన ఒకటుంది, వినడానికి సబబుగానే ఉంటుంది. సియెరా నెవాడా పైభాగపు సరస్సుల్లో వేల ఏళ్ళుగా చేపలు లేని మాట నిజం. జలపాతాలు వాటిని ఎక్కనివ్వలేదు. అయితే అవి ఖాళీ సరస్సులు కావు. పసుపు కాళ్ళ కొండ కప్పలు వాటిలో లెక్కకు మించి ఉండేవి. వాటి తోకకప్పలు పెద్దవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, అన్నాళ్ళు నీటిలోనే ఉండాలి. ట్రౌట్ చేరిన సరస్సుల్లో అవి మిగల్లేదు. కొన్ని సరస్సుల నుంచి ట్రౌట్‌ను పూర్తిగా తీసేసి చూసిన వాన్స్ వ్రెడెన్‌బర్గ్ 2004లో ఫలితాలు ప్రకటించాడు. ట్రౌట్ పోయిన చోట కప్పలు తిరిగి పెరిగాయి. కారణం ఏదో తేల్చడానికి అంత సూటి ప్రయోగం ప్రకృతిలో అరుదుగా కుదురుతుంది.

హేచరీలు లేకపోతే ఇంతమంది గాలగాళ్ళకు చేప ఎక్కడ దొరుకుతుందన్నది రెండో పెద్ద అభ్యంతరం. దీనికి సమాధానం మోంటానా రాష్ట్రం ఇచ్చింది. మాడిసన్ నదిలో రిచర్డ్ విన్సెంట్ అనే చేపల శాస్త్రవేత్త 1960ల చివర్లో లెక్కలు తీశాడు. హేచరీ చేపలు పోయడం ఆపిన భాగంలో నదిలోనే పుట్టిన ట్రౌట్‌లు పెరిగాయి, ఎప్పుడూ పోయని వాగులో కొత్తగా పోస్తే అక్కడివి తగ్గాయి. గాలగాళ్ళ నుంచి, దుకాణాల వాళ్ళ నుంచి వ్యతిరేకత వచ్చినా, సహజ ట్రౌట్‌లున్న నదుల్లో హేచరీ చేపలు పోయకూడదని 1974లో మోంటానా నిర్ణయించుకుంది. ఈరోజు ట్రౌట్ గాలానికి ప్రపంచం పరిగెత్తే రాష్ట్రం అదే. ఒరెగాన్‌లోని హుడ్ నది స్టీల్‌హెడ్‌ల మీద 2007లో వచ్చిన పరిశోధన, హేచరీలో గడిచిన ఒక్కో తరానికీ చేప నదిలో సంతానం మిగుల్చుకునే శక్తి దాదాపు 40 శాతం చొప్పున పడిపోతోందని చూపింది. తొట్టెలో బతకడానికి పనికొచ్చే గుణాలు ఏట్లో పనికిరావు. ఎక్కువ చేప కావాలంటే ఎక్కువ పోయాలన్న లెక్క తప్పని చెప్పడానికి ఈ రెండు ఆధారాలు చాలు.

ఈ కథలో మద్రాసు ప్రెసిడెన్సీకీ ఒక పేజీ ఉంది. నీలగిరుల్లో ట్రౌట్ కోసం 1860ల్లో ప్రయత్నించిన వారిలో వైద్యాధికారి ఫ్రాన్సిస్ డే ఒకడు. గుడ్లు దారిలో చచ్చిపోయాయి. అదే డే 1873లో భారతదేశపు మంచినీటి చేపల మీద ప్రభుత్వానికి నివేదిక ఇస్తూ, ఆనకట్టలు ఎదురెక్కే చేపల దారి మూసేస్తున్నాయని హెచ్చరించాడు. గోదావరి మీద కాటన్ ఆనకట్ట అప్పటికి ఇరవై ఏళ్ళ పాతది. 1879లో నీలగిరి వేట, చేపల పరిరక్షణ చట్టం వచ్చింది. 1907లో ప్రెసిడెన్సీలో మత్స్యశాఖ పని మొదలైన కాలంలోనే హెచ్.సి. విల్సన్ అవలాంచిలో ట్రౌట్ హేచరీ పెట్టాడు. సిలోన్, న్యూజిలాండ్‌ల నుంచి వచ్చిన రెయిన్‌బో గుడ్లు నీలగిరి వాగుల్లో నిలదొక్కుకున్నాయి. బ్రౌన్ ట్రౌట్ నిలవలేదు. కొల్లిడం నది మీద పులస జాతి చేప గుడ్లను పొదిగించే ప్రయత్నాలు కూడా ఆ శాఖ తొలి ఏళ్ళలోనే జరిగాయి. అయితే ట్రౌట్ ఊటీ దొరల వినోదం కాబట్టి దానికి చట్టం, హేచరీ, కాపలాదారు అన్నీ అమరాయి. లక్షలమంది నోటికందే పులసకు ఆనకట్ట దాటే దారి కుదరలేదు. గాలగాళ్ళే కొండ వాగులను, షోలా అడవులను కాపాడారని కొందరంటారు. మున్నార్ వైపు తోటల యజమానుల సంఘాలు ఎరవికులం గడ్డిమైదానాలను కాపలా కాసిన మాట నిజం, దాన్ని కాదనను. కానీ కాపాడింది తమ చేప ఉన్న నీటిని. ఏ చేప విలువైనదన్న నిర్ణయం ఎవరి చేతుల్లో ఉందో, ఏ నదికి రక్షణ దొరకాలన్నదీ వాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది.

ఇక ఆహారం సంగతి. ఇరాన్, తుర్కియే, చిలీ, నార్వేల్లో రెయిన్‌బో పెద్ద పరిశ్రమ. కశ్మీర్‌లో కొకర్‌నాగ్, హిమాచల్‌లో పట్లికుహల్ హేచరీలు కొండ రైతులకు పిల్లల్ని ఇస్తున్నాయి. సిమెంటు తొట్లలో చల్లటి వాగునీటిని పారించి పెంచే కుటుంబాలకు అది నమ్మకమైన రాబడి. రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో నీటిని శుద్ధిచేసి, చల్లబరిచి మళ్ళీ తిప్పే ట్యాంకుల్లో ట్రౌట్ పెంపకం మొదలైంది. దక్కన్ ఎండలో 20 డిగ్రీలు దాటితే ఇబ్బందిపడే చేపను పెంచడం సాంకేతికంగా గొప్ప పనే. ఈ పెంపకాన్ని నేను తప్పుపట్టను. ట్యాంకులో చేప కోడి, మేకల్లాగే ఒక పెంపుడు జీవి. దాన్ని సంకరం చేసి, వేగంగా పెరిగేలా ఎంపిక చేస్తే నష్టం లేదు. పెంపుడు జీవిని తెచ్చి అడవి నీటిలో పోయడం దగ్గరే తప్పు మొదలైంది. కొండనీటి పెంపకానికి ప్రోత్సాహం ఇచ్చే ప్రభుత్వాలు, తప్పించుకునే చేపలను ఆపే జల్లెళ్ళకూ, కలవని నీటికీ అంతే పట్టుదల చూపాలి.

1855లో గిబ్బన్స్ ‘ఐరిడియా’ అని పేరు పెట్టిన చేపల వారసులు శాన్ లియాండ్రో వాగు ఎగువన, ఓక్లాండ్ కొండల్లో రెడ్‌వుడ్ క్రీక్‌లో ఇప్పటికీ ఉన్నాయి. 1926లో కట్టిన జలాశయం వాటిని అఖాతానికి దూరం చేసింది. అవి దాన్నే సముద్రంగా చేసుకుని, వానాకాలంలో వాగులోకి ఎక్కి గుడ్లు పెడుతున్నాయి. ఆ వాగులో గాలం వేయడం నిషేధం. అక్కడికి అరగంట కారు దూరంలో వేలకొద్దీ తెలుగు కుటుంబాలున్నాయి. వారాంతాల్లో పిల్లలను తీసుకుని లైసెన్సు కొని సరస్సులకూ నదులకూ వెళ్ళేవాళ్ళు వాళ్ళలో చాలామంది. వాళ్ళకు చెప్పాల్సిన మాట ఒకటే. చేప చిక్కితే ముందు చేతులు తడుపుకోండి, దాన్ని నీటిలోనే ఉంచి వెన్ను మీద కొవ్వు రెక్క ఉందో లేదో చూడండి. స్టీల్‌హెడ్ నదుల్లో ఆ రెక్క నిండుగా ఉన్న చేప ఆ ఏట్లో పుట్టినది, చాలాచోట్ల దాన్ని వదిలేయాలని నిబంధన కూడా ఉంది. రెక్క కత్తిరించి ఉన్నదాన్ని నిబంధన ఒప్పుకున్న మేరకు ఇంటికి తీసుకెళ్ళండి. ఒక నీటిలో పట్టిన ప్రాణమున్న చేపను ఇంకో నీటిలో మాత్రం ఎప్పుడూ వదలకండి.